కర్రకు నంబరు ఉండదు

పోయినవారం చివరి స్క్రూ ఊడి వచ్చిన దగ్గర ఎల్డ్రిడ్‌ని వదిలి వచ్చాం. జ్ఞాపకం తప్పినవారి కోసం నాలుగు ముక్కలు.

స్కార్‌దాల్ లోయలో, వంతెన దాటగానే, తుపాకులు బాగుచేసే షాపు ఒకటుంది. అందులో ఇనుప పని ఒడ్వార్‌ది, చెక్క పని అతని తమ్ముడి భార్య ఎల్డ్రిడ్‌ది. ఆ తమ్ముడు సిగ్వార్ట్ తొమ్మిదేళ్ళ కిందట రెయిన్‌డీర్ వేటకని కొండెక్కి, పొగమంచులోకి వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. మనిషి దొరకలేదు. భుజాన ఉన్న రైఫిలూ దొరకలేదు. ఏటి ఒడ్డున సంచీ మాత్రం దొరికింది. దాన్ని ముందుగా చూసినవాడు ఒడ్వార్. కొన్నాళ్ళు ఎదురుచూసి, శవపేటిక లేకుండానే చర్చిలో ప్రార్థన జరిపించారు.

ఇప్పుడు, మళ్ళీ వేటకాలం దగ్గరపడుతున్న రోజుల్లో, కోల్‌బైన్ అనే ఆ లోయ మనిషే ఒక పాత రైఫిల్ తెచ్చాడు. వెయ్యి మీటర్ల గురికి పనికొచ్చేలా దాన్ని మార్చి ఇమ్మన్నాడు. నడిమి ఇనుమూ బోల్టూ ఉంచి తక్కినదంతా కొత్తది వెయ్యాలి: బరువైన గొట్టం, తేలిగ్గా తెగే ట్రిగ్గర్, స్కోపు కింద వాలు పట్టా, చెంప ఆనే చోటు పైకీ కిందికీ జరిగే కొత్త కర్ర. భుజానికి ఆనించే చెక్క భాగాన్ని ఆ షాపులో కర్ర అనే అంటారు. ఇంతవరకూ రోజూ వినే మాటలే. చివర్న అన్న మాట మాత్రం ఎల్డ్రిడ్ ఎన్నడూ వినలేదు. పాత కర్రని ఎవరికీ ఇవ్వకుండా పొయ్యిలో పెట్టెయ్యమన్నాడు.

స్కోపు కారులో మరిచిపోయానని అతను బయటికి వెళ్ళగానే, ఎల్డ్రిడ్ స్క్రూలు విప్పి ఇనుముని పైకెత్తింది. ఇనుము కూర్చునే గాడిలో, బూడిదరంగు రెసిన్ మీద, నెలవంక ఆకారంలో ఒక మచ్చ కనిపించింది.

ఆ నెలవంక ఆమె చేసిందే.

రైఫిల్ పేలినప్పుడల్లా ఇనుము వెనక్కి తంతుంది. కర్రలో అది వెంట్రుకవాసి కదిలినా దూరపు గురి ఎటో పోతుంది. అందుకని గాడిలో రెసిన్ అనే గట్టిపడే జిగురు పోసి, ఇనుముని దాంట్లో ఒత్తి, అచ్చు పడేదాకా కదలకుండా ఉంచుతారు. పరుపు వెయ్యడం అంటారు దాన్ని. ఇనుము అంటుకుపోకుండా ముందు మైనం రాయాలి. ఆ లోయలో ప్రతి ఇంటా స్కీలకి రాసే మైనం ఉంటుంది. గట్టి చలికి నీలం, తడిమంచుకి ఎరుపు. నీలం గట్టిది, ఎరుపు మెత్తనిది. బడికి వెళ్ళే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ ఏడు సిగ్వార్ట్ రైఫిల్‌కి పరుపు వేస్తూ, ఏ పరధ్యానంలో ఉందో, నీలం రాయాల్సిన చోట ఎల్డ్రిడ్ ఎరుపు రాసింది. రెసిన్ గట్టిపడుతూ వేడెక్కింది. మైనం కరిగిపోయింది. ఇనుమూ కర్రా ఒకదాన్నొకటి పట్టుకుని వదలలేదు.

మొత్తం రైఫిల్‌ని పట్టుకెళ్ళి చలిపెట్టెలో దుప్పి మాంసం పక్కన పెట్టారు. బాగా బిగుసుకున్నాక తీసి సిగ్వార్ట్ చెక్కసుత్తితో తట్టాడు. ఇనుము ఊడి వచ్చింది, దాంతోపాటు వెనక అంచున నెలవంకంత పెచ్చు లేచిపోయింది. గాడి నిండా ఎర్ర మైనం చారలు. ఎల్డ్రిడ్‌కి ఏడుపొక్కటే తక్కువ. సిగ్వార్ట్ మాత్రం పడీ పడీ నవ్వాడు. "బాగుంది. ఇక దీన్ని ఎవడెత్తుకుపోయినా మా ఆవిడ ముద్ర పట్టిస్తుంది," అన్నాడు. కొండచరియకి గురిపెట్టి కాల్చి చూస్తే గుండ్లు పక్కపక్కనే పడ్డాయి. ఆ గుంట సంగతి వేట అయ్యాక చూద్దాం, అప్పుడు నింపుదాంలే అన్నాడు. అని ఆ మర్నాడే కొండెక్కాడు. బయల్దేరేటప్పుడు ఆమె చేతులకి అవిసెనూనె అంటి ఉంది, అందుకని చెయ్యి ఇవ్వలేక మోచెయ్యి చాపింది. అతను తన మోచెయ్యి దానికి తాకించి వెళ్ళాడు.

అదీ వీడ్కోలు. అంతే.

ఇప్పుడు ఆ నెలవంకని చూస్తూ ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. చుట్టూ ఎర్ర చారలు ఇంకా సన్నగా కనబడుతున్నాయి. బయట కారు తలుపు మూసుకున్న చప్పుడైంది. ఎల్డ్రిడ్ దగ్గరున్న గుడ్డ తీసి కర్ర మీద కప్పేసింది. ఇనుము మీద నంబరు ఒక్కసారి చూసింది. సిగ్వార్ట్ రైఫిల్ నంబరు ఆమెకి నోటికి వచ్చు. ఇది అది కాదు. కోల్‌బైన్ చూపించిన కాగితాల్లో ఉన్నది ఈ నంబరే, అందులో వంక పెట్టడానికి లేదు. ఇనుముకి నంబరు ఉంటుంది. కర్రకు ఉండదు. ఎవరో ఆమె భర్త కర్రలో వేరే ఇనుము కూర్చోబెట్టారు. పైన దళసరిగా ఆకుపచ్చ రంగు పూసి, చెంప ఆనే చోట చెక్కి పారేసి, భుజానికి ఆనే మడమ దగ్గర రంపంతో కోసేశారు. లోపల ఏముంటుందో మాత్రం ఎవరికీ తట్టలేదు.

కోల్‌బైన్ స్కోపు పెట్టె బల్ల మీద పెట్టి, గుడ్డ వైపు చూశాడు.

"అప్పుడే విప్పేశారా?" అన్నాడు.

"విప్పకుండా కొలతలెలా తీస్తాను నాయనా?" అంది ఎల్డ్రిడ్. గొంతు మామూలుగానే పలికినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

కాఫీ పోసి ఇచ్చింది. కుర్చీ చూపించింది. పక్కగదిలో ఒడ్వార్ లేత్ మిషన్ ఒకటే రొద. పొయ్యి పైన, ఒడ్వార్ ఏటా చలికాలం చివర ఉత్తరాదికి చేపల వేటకి పోయి తెచ్చే ఎండు కాడ్ చేపల కట్ట వేలాడుతోంది. అన్నీ నిన్నటిలాగే ఉన్నాయి. ఆమె లోపలే ఏదీ నిన్నటిలా లేదు.

ఆ యేడు కొండ మీద వరసకట్టి వెతికినవాళ్ళలో, అప్పటికింకా కుర్రాడైన ఈ కోల్‌బైన్ కూడా ఉన్నాడు. ఎల్డ్రిడ్ పక్కనే నడిచాడు. తినకుండా నడుస్తున్నారని తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. ఆ రొట్టెముక్కని ఇన్నాళ్ళూ ఆమె మనిషి మంచితనానికి గుర్తుగా దాచుకుంది. ఇప్పుడు ఆ జ్ఞాపకం మీదే అనుమానం ముసిరింది. వరసలో తన పక్కనే ఎందుకు నిలబడ్డాడు? వాగు ఎగువకి పోదామని తనంటే, అటు అప్పుడే చూశాం అన్నది ఇతనేనా, వేరొకరా? పాలు విరిగినట్టు మనసు విరిగింది.

ఆమె పని మాటలతో మొదలుపెట్టింది. ఎంత దూరం కాలుస్తావు, పడుకుని కాలుస్తావా, మంచులోనా ఎండలోనా అని అడిగింది. కోల్‌బైన్‌కి హుషారొచ్చింది. లోయ క్లబ్బులో వందా రెండు వందల మీటర్లు విసుగు పుట్టాయనీ, ఎగువన గనుల దగ్గర కొత్తగా వెయ్యి మీటర్ల మైదానం పెట్టారనీ, గాలి లెక్క తెలిసినవాడికే అక్కడ పేరనీ చెప్పుకుపోయాడు. ఎల్డ్రిడ్ అతని చేతులు చూస్తోంది. బారు చేతులు. ఈ కర్ర ఆ చేతులకి నాలుగు వేళ్ళు పొట్టి.

"మడమ కోయించింది నువ్వేనా?"

"కాదండీ, అలాగే ఉంది. మా తాతది."

"ఏ తాత?"

"మా నాన్నగారి నాన్న."

ఎల్డ్రిడ్ కాఫీ కప్పు కింద పెట్టింది. లోయలో అందరికీ అందరి తాతలూ తెలుసు.

"మీ తాత చర్చిలో గంట కొట్టేవాడు. ఎలకల బోను పెట్టాలన్నా మా మామగారిని పిలిచేవాడు, పాపం తగులుతుందని. ఆయన రైఫిల్ కొన్నాడా? ఎప్పుడు, పోయాకా?"

కోల్‌బైన్ నవ్వబోయి, ఆమె మొహంలో నవ్వు లేకపోవడం చూసి ఆగిపోయాడు. ఆమె చేతి దగ్గరున్న గుడ్డ మీదికి అతని చూపు పోవడం, మళ్ళీ వెనక్కి రావడం ఎల్డ్రిడ్ గమనించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది, అనుకుంది.

ఇతనే అయితే? పొగమంచులో రెయిన్‌డీర్ అనుకుని ఇతను పేల్చిన గుండు సిగ్వార్ట్‌కి తగిలి ఉంటే? వేటలో అలాంటివి జరుగుతాయి. చేసినవాడు భయపడి దాచడం కూడా జరుగుతుంది. తలుపుకీ తనకీ మధ్య అతను కూర్చుని ఉన్నాడని అప్పుడే గమనించింది. పక్కగదిలో మిషన్ రొదకి తను అరిచినా ఒడ్వార్‌కి వినపడదు. అయినా అడగడం మానలేదు. తొమ్మిదేళ్ళుగా ఎవరిని అడగాలో తెలియక అడగని ప్రశ్న అది.

"కోల్‌బైన్, నేను కర్ర చెక్కి ఇవ్వాలంటే ఈ కర్ర ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలియాలి. లేదంటే ఇప్పుడే పట్టుకుపో. కానీ ఇనుము ఒక్కటే పట్టుకుపోతావు. ఇది ఇక్కడే ఉంటుంది."

లేచి వెళ్ళిపోతాడేమో అనుకుంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కొన్నానండీ. పోయిన వేసవిలో. ఉత్తరాన, సముద్రం పక్కన ఒక పల్లెలో."

తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. పడవలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉందట. అందులో ముసలాయన, మరీ ముసలి కాదు, గడ్డం మాత్రం తెల్లబడి, మొహం సగం కప్పేసింది. పడవలతోపాటు ఊళ్ళోవాళ్ళ తుపాకులు కూడా చూస్తుంటాడు. గోడకి ఈ రైఫిల్ ఉంటే కోల్‌బైన్ భుజానికి ఎత్తుకుని చూశాడట. మడమ పొట్టే, కానీ పిడి దగ్గర చెయ్యి వెయ్యగానే అచ్చం తన కోసమే చెక్కినట్టు కుదిరిందట. అంత బాగా కుదిరిన కర్ర తను ఎక్కడా పట్టుకోలేదన్నాడు. ఎల్డ్రిడ్ తలొంచుకుంది. ఆ పిడి చెక్కడానికి ఆమెకి ఒక శీతాకాలం పట్టింది.

"అమ్మనన్నాడు మొదట. ఇనుము మీద కాగితాలున్నాయి గదా, అవి రాసిచ్చాడు. కర్ర ఇవ్వనన్నాడు. కర్ర లేకుండా నేనేం చేసుకోను అన్నాను. ఆఖరికి సరేనని ఒక షరతు పెట్టాడు. కొత్త కర్ర చేయించేముందు దీన్ని నువ్వే కాల్చెయ్యి, ఏ పనివాడి చేతా విప్పించకు అన్నాడు."

"మరి కాల్చలేదేం?"

"ఆ పిడి కొలతలు మీకు కావాలి గదా అని. కాల్చేస్తే మీరు దేన్ని చూసి చెక్కుతారు?" అని అతను తప్పు చేసిన పిల్లాడిలా చూశాడు. "ముసలాయన చాదస్తం అనుకున్నా. మీరు కొలుచుకున్నాక ఇక్కడే పొయ్యిలో పెట్టిస్తే మాట నిలబెట్టినట్టే గదా అనుకున్నా. తాతది అని అబద్ధం అందుకే చెప్పా. ఎవరిదగ్గర కొన్నావంటే చెప్పనని కూడా మాటిచ్చానండీ."

అబద్ధం చెప్పేవాడికి ఇంత తెలివితక్కువ కథ తట్టదు. ఎల్డ్రిడ్‌కి అతని మీద అనుమానం కొంచెం జారి, తను చూడని ఆ తెల్లగడ్డం మనిషి మీదికి పోయింది. సిగ్వార్ట్‌ని చంపినవాడు అక్కడ పడవలు చేసుకుంటూ కూర్చున్నాడన్నమాట. ఈ కర్రని గోడకి తగిలించుకుని రోజూ చూస్తున్నాడన్నమాట.

"ఏ ఊరు మనది అని అడిగాడా?"

"అడిగాడు. స్కార్‌దాల్ అన్నాను. కాసేపు పని ఆపేశాడు." కోల్‌బైన్ గుర్తు తెచ్చుకుంటూ నుదురు రుద్దుకున్నాడు. "వంతెన మీద ఇంకా ఒక్క బండే పడుతోందా అని అడిగాడు. అంతే. అప్పుడే అన్నాడు, పనికి లోయలో ఇవ్వకు, దిగువ పట్నంలో ఇవ్వు అని. పట్నంలో వేటకాలం అయ్యేదాకా ఖాళీ లేదన్నారు, అందుకని..."

అందుకని ఇక్కడికి తెచ్చాడు. ఆమె బల్ల మీదికే.

కర్ర తన దగ్గరే ఉంచుతానంది, కొలతలు మెల్లగా తీస్తానంది. అతను కాదనలేదు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, ఏమైనా తప్పు జరిగిందా ఎల్డ్రిడ్ గారూ, అని అడిగాడు. ఇంకా తెలీదు, అంది. పాత రొట్టెముక్క మళ్ళీ కాస్త రొట్టెముక్కలా కనిపించింది.

కారు వంతెన దాటిన చప్పుడు వినపడ్డాక ఆమె గుడ్డ తీసింది. దీపం కిందికి లాగి, కళ్ళజోడు పెట్టుకుంది.

ఇందాక చూసినప్పుడు నెలవంక నల్లగా కనిపించింది. గుంటలో మురికి పేరుకుందనుకుంది. ఇప్పుడు గోటితో తడిమింది. గోరు లోపలికి దిగలేదు. అంచు నుంచి అంచుకి సమంగా జారిపోయింది. మళ్ళీ తడిమింది.

గుంట లేదు. నింపి ఉంది.

కాసేపు ఆమెకి అందులో అర్థం ఏమీ కనబడలేదు. ఎవరో నింపారు, అంతే. తర్వాత నలుపు మీద దృష్టి నిలిచింది. రెసిన్ మెరుపు సిగ్వార్ట్‌కి గిట్టేది కాదు. బిర్చి బెరడు కాల్చి, ఆ మసి కలిపి పోసేవాడు. షాపులో అందరూ నవ్వేవారు, గాడి లోపల ఎవరు చూస్తారయ్యా అని. నేను చూస్తాగా, అనేవాడు. ఆ మసి ఇప్పుడు ఈ నెలవంకలో ఉంది.

మసి ఇంకెవరైనా కలపవచ్చు. ఎల్డ్రిడ్ ఆ మాట తనకు తాను చెప్పుకుంది. దీపం ఇంకా వంచింది. వెలుతురు పక్క నుంచి పడేసరికి నలుపు మీద సన్నని గీతలు లేచాయి. మెత్తగా ఉన్నప్పుడు సబ్బునీళ్ళలో బొటనవేలు ముంచి సాపు చేసిన గుర్తు. పనివాళ్ళంతా అలాగే చేస్తారు. కానీ వేలిముద్రల గీతలన్నీ మధ్యలో ఒకచోట తెగిపోయి, అడ్డంగా ఒక నున్నటి చార ఉంది. సిగ్వార్ట్ చిన్నప్పుడు చిత్రిక బ్లేడు మీద బొటనవేలు పెట్టి తెచ్చుకున్న గాయం అది. ఆ మచ్చని ఆమె చీకట్లో కూడా పోల్చుకోగలదు. పెళ్ళిలో ఆ వేలు పట్టుకునే నడిచింది.

అతను కొండెక్కిన పొద్దున ఈ గుంట ఖాళీగా ఉంది. వేట అయ్యాక నింపుదాం అన్నాడు.

నింపాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. చచ్చిపోయినవాడి కోసం ఏడ్చిన ఏడుపంతా ఒక్కసారి ఎక్కడికి పోవాలో తెలియక ఆగిపోయింది. తెల్లగడ్డం. పడవల షెడ్డు. వంతెన మీద ఇంకా ఒక్క బండే పడుతోందా అని అడిగినవాడు, ఆ వంతెన పక్కన ఎవరుంటారో అడగలేదు. చనిపోయాడంటే ఓర్చుకోవడం తెలిసింది. బతికి ఉండి వెళ్ళిపోయాడంటే దాన్ని ఎలా ఓర్చుకోవాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు.

తనే పొరబడుతోందేమో. ఒంటరి మనసు ఏమైనా చూస్తుంది. ఇంకొకరు చూడాలి. సిగ్వార్ట్ చేతిపని తనతో సమానంగా తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

పక్కగదిలో మిషన్ ఆగింది. ఒడ్వార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పొయ్యిలో కట్టె వేశాడు, కాఫీ ఉందా అని అడిగాడు. కోల్‌బైన్ వెళ్ళిపోయాడా, గొట్టం ఎంత పొడుగు కావాలన్నాడు అని అడిగాడు. ఆమె మొహం చూసి అతను దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది ఎల్డ్రిడ్? ఒంట్లో బాగాలేదా?"

"బావగారూ, ఇది ఒకసారి చూడండి," అంది. కళ్ళనీళ్ళు ఆపుకోవడానికి ఆమె అతని వైపు చూడకుండా కర్రనే చూస్తోంది. "నేను ఏమీ చెప్పను. మీరే చూసి ఎవరి పనో చెప్పండి."

ఒడ్వార్ జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఆకుపచ్చ రంగు చూసి ఏదో వెక్కిరించబోయాడు, ఎవడు పూశాడో కళ్ళు మూసుకుని పూసినట్టున్నాడని. నవ్వుతూనే దీపం కిందికి వంగాడు. ఎర్ర చారలు చూశాడు. నెలవంక చూశాడు.

నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఇది సిగ్వార్ట్ కర్రేనా అని అడుగుతాడని ఆమె ఎదురుచూసింది. ఎక్కడ దొరికింది అంటాడని ఎదురుచూసింది. తమ్ముడి ముద్ర చూసిన అన్న కుప్పకూలిపోతే పట్టుకోవాలని చెయ్యి కూడా చాపింది. అతను అవేవీ చెయ్యలేదు. కర్రని మెల్లగా తన వైపు తిప్పుకుని, ఆమె అక్కడ ఉన్న సంగతే మరిచినట్టు, తనలో తను అన్నాడు:

"కాల్చేశానని చెప్పాడే."